మా గీజరు స్వస్థపడిన సాక్ష్యం

నీళ్లను చేసినవాడికి, ఆ నీళ్లను కాచే నిప్పును చేసినవాడికి, ఈ రెంటి మధ్య నాలాంటి అరకొర తెలివిగలవాణ్ని నిలబెట్టి ఇన్నేళ్లుగా ఓర్చుకుంటున్న తండ్రికి ముందుగా స్తోత్రం. ఆయన ఓర్పు అంత పెద్దది కాకపోతే ఈ సంగతి నేను నవ్వుతూ రాయగలిగేవాణ్ని కాదు.

ఆ రోజుల్లో నాకు విశ్వాసమంటే గట్టిగా మాట్లాడటం. ఎంత గట్టిగా ప్రార్థిస్తే జవాబు అంత తొందరగా వస్తుందని, అనుమానించి పరీక్షించడం పాపమని నమ్మేవాణ్ని. ఇరవైమూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, ఆదివారానికని విడిగా ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్ల చొక్కా. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. మా ఇల్లు ఖమ్మం అంచున, ఖానాపురం హవేలిలో. రెండు గదులు, వంటిల్లు, ముందు రేకుల షెడ్డు. ఆ షెడ్డే మా సంఘం కూడుకునే చోటు. ఆదివారం షేర్ ఆటోలు దిగి నలభై మంది దాకా వచ్చేవాళ్లు. ఇంటి వెనక బాత్రూం, ఆ గోడకు ఆనుకొని బయట సిమెంటుతో కట్టిన బాప్తిస్మపు తొట్టి. నాన్నకు బోనకల్ రైల్వే స్టేషన్లో పని, ఆదివారం తప్ప ఇంట్లో దొరికేవాడు కాదు. కాబట్టి బల్బు పోయినా, కుళాయి కారినా ఇంట్లో పెద్దదిక్కు నేనే. పైగా ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటును. (పిల్లలకు థర్మామీటర్లు అందించడం, వాళ్లు పగలగొట్టాక పేర్లు రాసుకోవడం, అంతే నా పని. కానీ సంఘంలో అందరూ నన్ను ‘సైంటిస్టు’ అనేవాళ్లు. కాదని నేనెప్పుడూ అనలేదు.)

ఆ ఏడాది వానలు వెనకబట్టాక మా బాత్రూంలోకి గీజరు వచ్చింది. తెల్లటి డ్రమ్ములాంటిది, గోడ మీద ఎత్తున బిగించారు. దాని వేడినీళ్లు రెండు చోట్లకు వచ్చేవి. ఒకటి బకెట్ నింపుకునే కుళాయి. రెండోది దాని పక్కనే గోడకున్న మిక్సర్: ఒక పక్క తిప్పితే వేడివి, ఇంకో పక్క తిప్పితే చల్లవి, రెండూ తిప్పితే కలిసి ఒకే మూతిలోంచి వచ్చేవి. మొదటి నెల ఏ లోపమూ లేదు. ఆ నెలాఖర్లోనే మా తొట్టిలో బాప్తిస్మాలు జరిగాయి. పర్ణశాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలవ్వ తొట్టిలోకి తొంగిచూసి, వేలు ముంచి, వెనక్కి తీసుకుంది. “గీ సల్లనీళ్లల్ల ముంచితె నేను మల్ల పైకి రాను బిడ్డా, సక్కగ పరలోకానికే పోత” అంది. అప్పుడు నాలో సైంటిస్టు లేచాడు. మిక్సర్ మూతికి ఒక పొడుగాటి ప్లాస్టిక్ పైపు బిగించి, బాత్రూం వెంటిలేటర్లోంచి బయటికి లాగి, తొట్టిలో వేసి, వేడి చల్ల రెండూ తిప్పాను. అవ్వ గోరువెచ్చటి నీళ్లలో మునిగి, నవ్వుకుంటూ లేచింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పని అయ్యాక పైపు కొసనున్న చిన్న కుళాయి కట్టేసి, పై నెల మళ్లీ కావాలి కదా అని మిగతాదంతా అలాగే వదిలేశాను. (ఈ పైపును మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.)

తర్వాతి వారమే పెద్దయ్యగారు వస్తున్నారని కబురు వచ్చింది. పెద్దయ్యగారంటే భద్రాచలం అవతలి అడవి పల్లెల్లో ముప్పై ఏళ్లుగా కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన పాస్టరు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఆయన దగ్గరే గడిపాను, నాకు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. అంత నడిచిన మోకాళ్లు ఇప్పుడు మొరాయించాయి. ఖమ్మంలో డాక్టరు పన్నెండు రోజులు సూదిమందు రాశాడు. దాంతోపాటు పొద్దున సాయంత్రం మోకాళ్ల మీద బాగా వేడినీళ్లు పోసుకోవాలి, చల్లనీళ్లు తగలకూడదు అన్నాడు. క్రిస్మస్‌కు ఆయన మళ్లీ ఆ పల్లెల్లో నడవాలి. ఈ పన్నెండు రోజులు మా ఇంట్లోనే ఉంటానని ఆయనే అన్నారు. నాకు నేల మీద కాలు ఆనలేదు.

దాన్ని ఆనించడానికి పక్క వీధిలో మైకు మామ ఉన్నాడు. (సంఘానికి మైకు సెట్టు ఇచ్చింది ఆయనే, అందుకే ఆ పేరు. మైకు లేకపోయినా వీధి చివరికి వినిపించే గొంతు.) “ఏంరా అల్లుడా, పెద్దాయన్ని మీ చిన్న బాత్రూంల పెడతవా? మా ఇంట్ల గీజరు చూసినవా? నీ దానికి మూడింతలుంటది. నీలం లైటు గూడ వెలుగుతది.”

“లైటుతోని స్నానం చేస్తరా మామా? అయ్యగారు మా ఇంట్లనే ఉంటనన్నరు.”

“సరే ఉండనీ. కని జర చెప్తున్న ఇను. ఆయన మోకాళ్లకు మీ గీజరు సరిపోతలేదని తెలిసిందంటే, ఆదివారం ప్రార్థన కూటమి కాంగనే నా బండి మీద కూసోబెట్టుకొని తీస్కపోత. నువ్వు అడ్డం రావద్దు.” నేను సరే అన్నాను. అంత ధైర్యం ఎక్కడిదంటే, గీజరు అప్పటికే పాడైందని నాకు తెలియదు. చలి ముదరని రోజులు కదా, నేనూ అమ్మా చల్లనీళ్లే పోసుకుంటున్నాం.

అయ్యగారు వచ్చే ముందు రోజు సాయంత్రం, సరిచూద్దామని కుళాయి తిప్పితే నీళ్లు నులివెచ్చగా వచ్చాయి, అంతే. నులివెచ్చని విశ్వాసుల గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో గాని, నులివెచ్చని గీజరు ఇంత బాధపెడుతుందని ఆ రోజే తెలిసింది. కాలేజీ నుంచి తెచ్చుకున్న థర్మామీటరు పెట్టి చూశాను, ముప్పై రెండు. గీజరు కింద వేడి పెంచే బిరడా మొత్తం తిప్పాను. అరగంట ఆగాను. ముప్పై మూడు. ఆ ఒక్క డిగ్రీకి స్తోత్రం చెప్పి, అమ్మను కేకేశాను. “అమ్మా, ఇట్ల రా. గీజరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేద్దాం.”

అమ్మ తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పైకి చూసింది. “ముందు స్విచ్చి బందు చెయ్యి. షాకు కొడతది.”

స్విచ్ కట్టేసి ప్రార్థించాం. తర్వాత వాషరన్నను పిలిచాను. (మా వీధి ప్లంబరు. లోకంలో ఏ రోగానికైనా వాషరే కారణమని ఆయన సిద్ధాంతం.) ఆయన నిచ్చెనెక్కి వాషరు మార్చాడు. నీళ్లు మారలేదు. లోపలి రాడ్డు బయటికి లాగి, మన బోరునీళ్ల ఉప్పు ఎట్ల పేరుకుందో చూడమని నాకు చూపించి, గీకి మళ్లీ బిగించాడు. ముప్పై నాలుగు. చివరికి గీజరును అరచేత్తో తట్టి, “తమ్మీ, గీజరు మంచిగనే ఉంది. నీ కిస్మతే మంచిగలేదు. రేపొస్త” అని వెళ్లాడు. ఆ రేపు ఈనాటికీ రాలేదు.

మర్నాడు, గురువారం రాత్రికి, అయ్యగారు దిగారు. కర్ర ఊతంతో ఆటోలోంచి దిగడానికే చాలాసేపు పట్టింది. ఆ మోకాళ్లను చూసి గట్టిగా తీర్మానించుకున్నాను: ఈ బాత్రూంలోనే, ఈ గీజరులోంచే వేడినీళ్లు రావాలి, వచ్చేదాకా దేవుణ్ని వదలను. శుక్రవారం తెల్లవారుజామున లేచి గీజరు వేసి, ముందు గదిలో మోకాళ్లూని, అరగంటకు పైగా కేకలు పెట్టి ప్రార్థించాను. పక్క మంచం మీద అయ్యగారు కూర్చొని కళ్లు మూసుకున్నారు. లేచి బాత్రూంలోకి పోయి చూద్దును కదా, బకెట్ నిండుగా ఉంది. చెయ్యి పెట్టాను, కాలింది! థర్మామీటరు పెట్టాను, యాభై రెండు! అక్కడే గెంతి “స్తోత్రం” అని అరిచాను. అమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది.

“బిడ్డా, అది...”

“అమ్మా, ఇప్పుడేం మాట్లాడకు. స్తుతించు.”

అమ్మ ఒక క్షణం నన్ను చూసి, స్తుతించింది. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అయ్యగారి స్నానం అయిపోయింది, మంచిగా వేడిగా ఉన్నాయన్నారు. శనివారమూ అంతే. ఆ కుళాయి ఒకసారి తిప్పి చూడాలని నాకు తోచలేదా అంటే, తోచింది. కానీ దేవుడు స్వస్థపరిచిన గీజరును మళ్లీ పరీక్షించడం అవిశ్వాసమని గట్టిగా మనసును గద్దించాను. పైగా వేడినీళ్లన్నీ అయ్యగారికే ఉండనీ అని నేను బయట పంపు దగ్గర చల్లనీళ్లు పోసుకుంటున్నాను. ఆ త్యాగం కూడా ఒక మూల లెక్కలోకి వేసుకున్నాను.

మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉండేది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. మామూలుగా ఒకరు జ్వరం తగ్గిందనో, ఇంకొకరు బర్రె దొరికిందనో రెండు మాటలు చెప్పి కూర్చునేవాళ్లు. నేను మైకు తీసుకొని పదిహేను నిమిషాలు మాట్లాడాను. డాక్టర్లు వదిలేసిన రోగిలా మా గీజరు ఎట్లా పడి ఉందో, ప్లంబరు చెయ్యలేనిది మోకాళ్ల ప్రార్థన ఎట్లా చేసిందో, ముప్పై నాలుగు యాభై రెండు ఎట్లా అయ్యిందో డిగ్రీలతో సహా వివరించాను. “కొందరి గీజర్లకు నీలం లైటు ఉంటది. మా గీజరుకు ప్రార్థన ఉంది” అని కూడా అన్నాను. (ఇది తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.) జనం ఆమెన్ ఆమెన్ అన్నారు. ఆ వారం బోనకల్ నుంచి వచ్చిన నాన్న గర్వంగా అందరి వంకా చూశాడు. అయ్యగారు కళ్లు మూసుకొని చిన్నగా నవ్వుతున్నారు. అమ్మ చాప మీద తల ఎత్తకుండా కూర్చుంది. భక్తి అనుకున్నాను.

కూటమి ముగిసి అందరికీ చాయ్ పోస్తుండగా మైకు మామ లేచాడు. “అల్లుడా, గంత గొప్ప కార్యం ఇంట్ల పెట్టుకొని మాకు చూపియ్యవా? పా, చూద్దాం.” పది మంది ఆయన వెనక వచ్చారు. ఆ బాత్రూంలో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి తియ్యలేడు, మిగతావాళ్లు గుమ్మంలోంచి మెడలు చాచారు. గీజరు పొద్దుటి నుంచీ వేసే ఉంది. మామ కుళాయి తిప్పి, కింద చెయ్యి పెట్టాడు. పెట్టి, తియ్యలేదు. ఇంకాసేపు ఉంచాడు. అసలు తియ్యాల్సిన అవసరం రానంత చల్లగా ఉన్నాయి.

“ఏంది అల్లుడా గిది? రోగి స్వస్థపడె అంటివి. ఇంక దవాఖానాలనే ఉన్నట్టుంది గదా!”

గుమ్మంలో నవ్వులు. నేను బిరడా తిప్పాను, కుళాయి మళ్లీ తిప్పాను, “మొన్న పొద్దున వచ్చినయి మామా, నా చేత్తోని చూసిన, యాభై రెండు” అన్నాను. అప్పుడు వెనక నుంచి అమ్మ గొంతు, ఎప్పటికంటే మెల్లగా వినిపించింది.

“అవి గీజరు నీళ్లు కావు బిడ్డా. పెరట్ల మూడు రాళ్లు పెట్టి, కాగుల కాగబెట్టి, నువ్వు ప్రార్థనల నుంచి లేసేటాల్లకు బకెట్ల పోసిన. రెండు పూటలా. చెప్పబోతె స్తుతించు అంటివి. తర్వాత నీ మొకం చూసి చెప్పబుద్ది కాలె. గిట్ల నువ్వు మైకుల చెప్తవని నాకేమెరుక?”

నవ్వులు షెడ్డు దాకా పాకాయి. మామ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ. “అక్కా, నువ్వు పొయ్యి కాడ కూసునుడు ఇంకెన్ని రోజులు? అయ్యగారిని మా ఇంటికి తీస్కపోత. మాటంటే మాట” అని బండి తెచ్చుకోవడానికి తిరిగాడు. నేను అయ్యగారి దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన కుర్చీలో కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు.

“నాకు మొదటి రోజే తెలుసు బిడ్డా. కరెంటుతోని కాగిన నీళ్లకు పొగ వాసన రాదు గద.”

“మరి నాకెందుకు చెప్పలేదయ్యగారూ?”

“ఎప్పుడు చెప్పాలె? కళ్లు మూసుకుంటివి, మల్ల తెరిస్తివా?” అని, నా ముఖం చూసి మెత్తబడ్డారు. “పో. ఇంకోసారి ప్రార్థన చెయ్యి. ఈసారి కళ్లు తెరిచి చెయ్యి. చేతులు గూడ కదిలించు.”

“మామా, బండి తియ్యకు” అని వీధిలోకి అరిచాను. “ఒక్క అరగంట ఆగు. అప్పటికి వేడినీళ్లు రాకపోతే నేనే అయ్యగారి పెట్టె మోసుకొస్త.” మామ గడియారం చూసి బండి మీదే కూర్చున్నాడు.

బాత్రూం తలుపు వేసుకున్నాను. “ప్రభువా, నువ్వు చూపించు, నేను చూస్త” అన్నాను. అంతకంటే పొడుగు ప్రార్థన చెయ్యలేదు, టైము లేదు. నిచ్చెనెక్కి, గీజరు నుంచి బయటికొచ్చే పైపు మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది! అంటే గీజరు మంచిదే, వాషరన్న అన్న మాట నిజమే. ఆ పైపును పట్టుకొని కిందికి వచ్చాను. వేడి, వేడి, వేడి, మిక్సర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా చల్లబడింది. అక్కణ్నుంచి బకెట్ కుళాయి దాకా చల్లనే. అంటే వేడినీళ్లు కుళాయికి చేరకముందే మధ్యలో ఎవరో చల్లనీళ్లు కలుపుతున్నారు. ఎవరు? మిక్సర్‌ను కళ్లు తెరిచి చూశాను. వేడికొకటి, చల్లకొకటి ఉన్న రెండు తిప్పుళ్లూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. దాని మూతికి ఒక ప్లాస్టిక్ పైపు. ఆ పైపు పైకి పోయి, వెంటిలేటర్లోంచి బయటికి పోయి, బాప్తిస్మపు తొట్టిలో, కొసన మూసిన కుళాయితో, పడుకొని ఉంది.

నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాను. పైపు కొస మూసి ఉంది కాబట్టి నీళ్లు బయటికి పోవు. లోపల వేడి, చల్ల రెండు దారులూ తెరిచే ఉన్నాయి కాబట్టి చల్లనీళ్లు మిక్సర్‌లో అటు నుంచి ఇటు దాటి, వేడినీళ్ల దారిలోకి వచ్చి చేరుతున్నాయి. కుళాయి తిప్పినప్పుడల్లా ట్యాంకులోంచి తిన్నగా వచ్చే చల్లనీళ్లే ముందు వస్తున్నాయి. మన ఊళ్లో ఇంత ప్రత్యేకమైన రోగం తెచ్చుకోవాలంటే బాత్రూం గోడకు బాప్తిస్మపు తొట్టి ఉండాలి, ఆ ఇంట్లో సైంటిస్టు కూడా ఉండాలి. రెండు తిప్పుళ్లూ కట్టేశాను. రెండు నిమిషాలు ఆగి కుళాయి తిప్పాను. మొదట చల్లగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత చిన్నగా ఆవిరి లేచింది. థర్మామీటరు జేబులోనే ఉంది, తియ్యలేదు. తలుపు తీసి “మామా!” అని పిలిచాను. మామ వచ్చి, అనుమానంగా వేలు పెట్టి, “అమ్మో!” అని లాక్కున్నాడు. తర్వాత ఆ వేలు ఊదుకుంటూ, పైకి మా చిన్న గీజరు వైపు చూసి, “లైటు లేకున్నా మంచిగనే కాలుతయిరా” అన్నాడు. అంతే, బండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

జనం ఇంకా పోలేదు, రెండో విడత చాయ్ దగ్గర ఉన్నారు. ఎవరూ అడగకముందే మైకు తీసుకున్నాను. ఈసారి పదిహేను నిమిషాలు పట్టలేదు. “పొద్దున నేను చెప్పింది సాక్ష్యం కాదు. చూడకుండ చెప్పిన. గీజరుకు ఏ రోగం లేదు, తిప్పుళ్లు కట్టెయ్యడం మరిచింది నేను. ఈ మూడు రోజులు అయ్యగారి మోకాళ్లకు పోసిన వేడినీళ్లు మా అమ్మ కట్టెల పొయ్యి మీద కాగబెట్టింది. దేవుని పేరు చెప్పి ఆమె పని నేను దాచిన, తెలియక దాచిన. క్షమించమని అడుగుతున్న” అన్నాను. వెనక చాప మీద నుంచి ఒక ముసలామె గట్టిగా “ఆమెన్” అంది. పొద్దుటి ఆమెన్లన్నిటి కంటే అదే నాకు గట్టిగా తగిలింది.

సోమవారం తెల్లవారుజామున గీజరు వేసి, కుళాయి తిప్పి చూసి (అవును, చూశాను), ముందు గదిలో మోకాళ్లూనాను. అయ్యగారు మొదలుపెట్టలేదు. వంటింటి వైపు తిరిగి పిలిచారు. “అమ్మా, రా. మూడు రోజులాయె ఈ ఇంట్ల పొద్దుటి ప్రార్థనల నీ గొంతు ఇనపడక. బాబు గొంతే ఇనపడె.” అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్లు ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి. పొగకే అయి ఉంటుంది. ఆమె చాలా చిన్న గొంతుతో, అయ్యగారి మోకాళ్ల కోసం, నా ఉద్యోగం కోసం, బోనకల్‌లో నాన్న కోసం, పక్క వీధిలో మైకు మామ ఇంటి కోసం ప్రార్థించింది. ఆ మూడు పొద్దులు నేనెంత గట్టిగా అరిచానంటే, రోజూ నా పక్కనే వినిపించే అమ్మ గొంతు లేదన్న సంగతే నాకు తెలియలేదు. పన్నెండో రోజున అయ్యగారు కర్ర చేతిలోనే పట్టుకొని, ఊతం లేకుండా ఆటో ఎక్కారు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. నా మోకాళ్లే అప్పుడప్పుడు మాట్లాడుతున్నాయి. ఆ తెల్ల చొక్కా కుర్రాడు గుర్తొస్తే కోప్పడాలనిపించదు, పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. వాడి నమ్మకంలో తప్పులేదు, పాపం, చూపే తక్కువ. ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి: ఈ రోజు పొద్దున మనకు తెలియకుండా మన కోసం లేచి, మనం దేవుడిచ్చాడనుకున్న వేడినీళ్లను చేతులారా మోసి తెచ్చిన వాళ్ల కోసం. ప్రభువు వాళ్ల కళ్లలోని పొగను తుడుచును గాక, మన కళ్లను తెరుచును గాక. ఆమెన్.